ఎడమచేతి లండన్ టాక్సీ

సోఫాలోంచి లేవకుండానే ఒక ఫోటో స్టూడియోను, ఒక అంబాసిడర్ కారును, ఒక పెళ్ళి ఆల్బంను కలిపి ముంచబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చంద్రపూర్ వచ్చి మా ఇంటి తలుపు తట్టండి. నేనే తీస్తాను.

పాత ఇంగ్లీషు సినిమాల్లో లండన్ టాక్సీలను గుర్తుపట్టడం నా విద్య. హత్య ఎవరు చేశారో నాకు అక్కర్లేదు, హంతకుడు ఎక్కి పారిపోయిన బండి ఏ మోడలో కావాలి. డ్రైవరు పక్కన తలుపు లేకుండా సామాన్లు పెట్టే ఖాళీ జాగా ఉంటే పాతది, నాలుగు తలుపులుంటే తర్వాతది. ఇంత జ్ఞానం మేముండే తుకుం పేట మొత్తంలో ఇంకెవరికీ లేదు. ఎవరికీ అవసరం కూడా లేదనుకోండి.

ఒక్క మా బావమరిది రాజుకు తప్ప. పెళ్ళిళ్ళ సీజనంతా తన ఫోటో స్టూడియోలో ఈగలు తోలుకుంటున్న రాజు దగ్గరికి పద్మాపూర్ నుంచి కమలక్క అనే ఆవిడ, పెళ్ళి కుదిరిన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

"మా కాబోయే కోడలుకు లండన్ అంటె పానం తమ్మీ. పెండ్లికి ముందు లండన్ టాక్సీ కాడ ఫోటోలు గావాలె. మంచిగొస్తెనే పెండ్లి ఆర్డర్ నీకు, లేకుంటె ఇంకో స్టూడియో చూసుకుంటం," అంటూనే, చాయ్ అందుకోబోయిన కొడుకు ఎడమచేతి మీద ఫట్‌మని ఒకటి వేసింది. "కుడిచెయ్యి రా! చిన్నప్పటి సంది చెప్తున్న!"

రాజు స్క్రాపులోంచి ఇంజను లేని అంబాసిడర్ డొక్కు ఒకటి లాక్కొచ్చాడు. "బావా, దీన్నే లండన్ టాక్సీ చెయ్యాలె. నా స్టూడియో నీ చేతులనే ఉంది. నువ్వెట్ల చెప్తె గట్ల."

నేను ఫోన్లో ఒక నలుపు తెలుపు సినిమా పెట్టి, టాక్సీ రాగానే ఆపాను. నా గుండె కూడా కాసేపు ఆగింది.

"రాజూ! డ్రైవర్ ఎడమ దిక్కు ఉన్నడు. కుడి దిక్కు తలుపే లేదు! పై దేశాల కోసం చేసిన స్పెషల్ మోడల్ రా ఇది!"

"లండన్ల గూడ మన లెక్కనే కుడి దిక్కు స్టీరింగ్ ఉంటది గద బావా?"

"నువ్వు ఫోటోలు దియ్యి. టాక్సీల సంగతి నాకు ఇడిసిపెట్టు."

చిక్కుడుకాయలు తుంచుతూ మా ఆవిడ సుజాత ఫోన్లోకి తొంగిచూసింది. "ఏందయ్యా, గీ సిన్మాల అందరు ఎడమచేత్తోనే షేక్‌హ్యాండ్ ఇస్తున్నరు? రాసుడు గూడ ఎడమచేత్తోనే!"

"దొరల పద్ధతులు నీకు తెల్వయి. చిక్కుడుకాయలు చూడు."

అలా ముందు కుడి తలుపు కోయించాను. స్టీరింగు ఎడమకు మార్పించాను. లండన్ పొగమంచుకు మాకేం కొదవ? పద్మాపూర్ బొగ్గు గని రోడ్డు మీద లారీ ఒక్కటి వెళ్తే చాలు, దుమ్ము లేస్తుంది. గుడ్డు రోడ్డు మీద పెడితే ఆమ్లెట్ అయ్యే ఎండలో పిల్లా పిల్లగాడూ ఓవర్‌కోట్లు (పిల్లగాడిది నాదే) తొడుక్కుని టాక్సీని ఆనుకుని నిలబడ్డారు. పిల్లగాడు పిల్లకు జిలేబీ తినిపించాడు. తల్లి దగ్గర లేదు కదా, అలవాటైన చేత్తోనే.

మర్నాడు సాయంత్రం కమలక్క ఫోటోలు చూడ్డానికి రావాలి. అంతకుముందే నా ప్రతిభ అందరికీ తెలియాలని ఆ సినిమాను స్టూడియోలోని పెద్ద కంప్యూటర్ మీద పెట్టాను. నాతో వచ్చిన సుజాత కళ్ళు చికిలించింది.

"గా దుకాణం బోర్డు మీద అక్షరాలు ఉల్టా ఉన్నయేంది?"

రాజు సినిమాను ఆపాడు. బోర్డు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"బావా, ఇది దొంగతనంగ నెట్ల ఎక్కించిన సిన్మా. అసలు సిన్మావోళ్ళకు దొరకొద్దని బొమ్మను అద్దంల లెక్క తిప్పిండ్రు. వాళ్ళు తిప్పితె నువ్వు దానికి స్పెషల్ మోడల్ అని పేరు గూడ పెట్టినవ్!"

బయట కమలక్క ఆటో ఆగిన చప్పుడు.

"మనం గూడ తిప్పేద్దాం రా!" అన్నాను.

రాజు ఏవో మీటలు నొక్కాడు. ఫోటోలన్నీ గిర్రున తిరిగాయి. టాక్సీ అచ్చమైన లండన్ టాక్సీ అయింది.

కమలక్క కూర్చుంది. ఒక్కొక్క ఫోటో చూస్తూ జిలేబీ దగ్గర ఆగిపోయింది. రాజు గబగబా తర్వాతి ఫోటోకు పోబోయాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"కుడిచేత్తో తినిపిస్తుండు! ఎంత కొట్టినా అలవాటు గాలె గద తమ్మీ, నీ స్టూడియోల ఎట్లైంది? పెండ్లి ఆల్బం మొత్తం గిట్లనే గావాలె!"

టాక్సీ వైపు ఆమె కన్నెత్తి కూడా చూడలేదు.

ఆమె మాట ప్రకారం రాజు పెళ్ళి ఫోటోలన్నీ కూడా తిప్పేశాడు. ఆ ఆల్బంలో పంతులు మొదలుకుని ఊరు ఊరంతా ఎడమచేత్తోనే అక్షింతలు వేస్తుంది, ఒక్క పెళ్ళికొడుకు తప్ప.

అందుకని, నా ఓవర్‌కోటు నిండా పట్టిన పద్మాపూర్ బొగ్గు దుమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ సినిమాలోనైనా సరే, ఎవరో ఇద్దరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని, ఆ చేయి ఏదో సుజాత చూసి చెప్పేదాకా, ఏ టాక్సీకీ పేరు పెట్టను.