వాతల కింద ఖాళీ చోటు

యూరపులో యుద్ధం మొదలైన ఏడాది నన్ను ఫిజీ దీవుల్లో లంబాసా దగ్గరి ఒక చెరకు ఎస్టేటు ఆసుపత్రిలో డ్రెస్సరుగా వేశారు. కట్లు కట్టడం, మందులు కలపడం, ఆపరేషన్‌లో క్లోరోఫారం పట్టడం, మన కూలీల మాట డాక్టరు దొరకు చెప్పడం డ్రెస్సరు పని. మా జమీ వేలంలో పోయాక గిర్మిట్ అనే కూలీ ఒప్పందం మీద వచ్చినవాణ్ణే అయినా, ఎవరి ముందూ కోటు గుండీ విప్పి ఎరగను.

ఒక ఉదయం సింహాచలమ్మ అనే కూలీని మంచం మీద మోసుకొచ్చారు. పొత్తికడుపులో కొబ్బరికాయంత గడ్డ. ముట్టుకుంటే కేక.

వెంట వచ్చిన సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, "అంతా నాటకం బాబూ. చెరకు కొట్టమంటే చాలు, దీనికి కడుపునొప్పి" అన్నాడు.

"నా కడుపు నీకిచ్చీస్తాను, ఒక్క పూట మొయ్యి సర్దారూ" అంది ఆమె.

దొర పరీక్షించి, గర్భసంచి పక్క గడ్డ అనీ, సువాలోని పెద్దాసుపత్రికి పంపడానికి స్టీమరు దొరికేదాకా నొప్పి మందుతో ఉంచుదామనీ అన్నారు. ఆ వారంలో స్టీమరు లేదు. ఆమె నాడి అప్పటికే సన్నగిల్లుతోంది.

అంతలో ఆమె ఎడమ డొక్క మీద పాత కాలిన మచ్చలు దొర కంటపడ్డాయి. ఎవరు కాల్చారని సర్దారు వైపు చూశారు. నేను ఆమెనే అడిగాను.

"సిన్నప్పుడు మన్యం జొరాలకి బల్లొచ్చింది బాబూ. మాయమ్మ వాతలెట్టించింది."

మలేరియాతో ప్లీహం ఉబ్బితే మనవాళ్ళు బల్ల అంటారు. దాని మీద కాల్చిన ఇనుముతో వాతలు పెడతారు. ఫిజీలో మలేరియా లేదు కనక దొర ఇలాంటివి చూసి ఎరగరు. కన్నతల్లి బిడ్డను కాల్పిస్తుందా అని దొర నమ్మలేదు. వాదించే వ్యవధి లేదు. కోటూ చొక్కా విప్పి నా ఎడమ డొక్క చూపించాను. అవే మచ్చలు, అదే చోట.

సింహాచలమ్మ అంత నొప్పిలోనూ నవ్వింది. "అయ్యో, బాబుగోరికీ ఎట్టీసినారా!"

దొర నవ్వలేదు. ఆమె మచ్చల కింద వేలితో తట్టి చూశారు. ప్లీహం ఉండాల్సిన చోట బోలు చప్పుడు. మళ్ళీ కింది గడ్డ అంచు తడిమారు. ప్లీహానికి ఉండే నొక్కు చేతికి తగలగానే టేబులు సిద్ధం చెయ్యమన్నారు.

కోసి చూస్తే, బల్ల పొత్తికడుపులోకి జారి, రక్తనాళాల తొడిమ మీద మెలి తిరిగి నల్లబడి ఉంది. తొడిమను ముడివేసి దాన్ని తీసేశారు. సింహాచలమ్మ బతికింది. కూలీలుండే లైన్ల ఇళ్ళకు నడిచే వెళ్ళింది.

తన నిర్ణయాన్ని అక్కడికక్కడే మార్చుకున్న ఆ దొరకు నేను కృతజ్ఞుణ్ణి. నన్ను పట్టుకుని వాతలు పెట్టించిన మా నాయనమ్మకూ ఆనాడే మొదటిసారి కృతజ్ఞుణ్ణయ్యాను. కడుపులో కొత్తగా కనిపించినదాన్ని తడిమే ముందు, ఉండాల్సింది ఉండాల్సిన చోట ఉందో లేదో చూడాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అలాగే చూశాను.