మూత బండ ఎక్కిన దారి

గౌస్ పేరు మా తవ్వకాల రిపోర్టులో లేదు. వంటమనిషి పేరుంది, జీపు ఇచ్చిన ఆసామి పేరుంది, పటాలు గీసిన బసవపున్నయ్యగా నా పేరూ ఉంది. గౌస్ మాత్రం ‘స్థానిక కూలీల సహాయంతో’ అన్న మూడు మాటల్లో ఎక్కడో కలిసిపోయాడు. ఆ మాటలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది బోనకల్. తండ్రి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. కొడుకునూ కొలిమి దగ్గర కూర్చోబెట్టాలని చూశాడు గాని, గౌస్‌కు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. పద్దెనిమిదో ఏట ఊరి స్టేషన్ దగ్గర ఒక గూడ్స్ పెట్టె పట్టాలు తప్పింది. రైల్వే వాళ్లు జాకీలు, స్లీపర్ చెక్కలు పెట్టి దాన్ని అంగుళం అంగుళం లేపుతుంటే తిండి కూడా మరిచి మూడు రోజులు చూశాడట. ఆ తర్వాత బరువులెత్తడమే ఆయన బతుకుతెరువైంది. బావిలో పడ్డ ఇంజన్లు, భద్రాచలం రోడ్డు మీద బోల్తాపడ్డ లారీలు, రైసు మిల్లుల్లో బాయిలర్లు, ఏది కదలనని మొండికేసినా ఖమ్మంలో ఆయన ఇంటికి కబురొచ్చేది. “ఊళ్ల బరువులన్నీ ఎత్తుతడు, ఇంట్ల నీళ్ల బిందె మాత్రం ఎత్తడు” అని ఆయన భార్య షాకేరా అనేది.

నేను ఆయన్ను మొదటిసారి చూసింది 1984 జనవరిలో. బక్కపలచని మనిషి, చొక్కాలో ఇంకొకరికి చోటుండేంత సన్నం. “ఈయన్నెత్తడానికే ఇంకో మనిషి కావాలి” అని పక్కవాడితో అన్నాను. అది ఆయన చెవిన పడింది. నా నోటి దురద నాకు మామూలే.

మేం తవ్వుతున్నది కిన్నెరసాని అవతల అడవిలో, ఒక కోయ పల్లె పక్కన. నాలుగు వైపులా నిలువు బండలు, వాటి మీద ఒక పెద్ద మూత బండ. రాకాసి గుళ్లంటారు ఊళ్లో. ఇనుము వాడకం కొత్తగా వచ్చిన కాలంలో, రెండు మూడు వేల ఏళ్ల కిందట, మనుషులు తమ చనిపోయినవాళ్లకు కట్టుకున్న గదులవి. చాలావాటి మూతలు ఎప్పుడో విరిగిపోయాయి. ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. మూత ఐదు టన్నులకు పైమాటే. క్రేన్ వచ్చే దారి లేదు. పగలగొట్టి తీద్దామని ఒకరిద్దరు అన్నారు. తవ్వకాల పెద్ద వెంకటరామారావు గారు ససేమిరా అని గౌస్‌ను పిలిపించారు.

ఊరి పెద్ద జంపయ్య వచ్చి మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు.

“ఎత్తేది ఎవరు?”

“నేనే పెద్దాయనా,” అన్నాడు గౌస్.

“అయితే మాట నువ్వియ్యి. ఈ సార్లు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. లోపలున్న మా పెద్దోళ్ల బొక్కలు కదిలియ్యొద్దు. మూత ఎట్లుండెనో గట్లనే మళ్ల పెట్టాలె. అది తెరిచుంటే మేం విత్తనాల పండుగ చెయ్యం. పండుగ కాకుంటే గింజ భూమిల పడదు.”

“పెడ్త. జబాన్ ఇస్తున్న.”

ఆరు రోజులు పట్టింది ఎత్తడానికి. ఈ పక్క వేలెడు లేపి చెక్క పెట్టేవాడు, ఆ పక్క వేలెడు లేపి చెక్క పెట్టేవాడు. లేచిన బండను చెక్కల మీదే మెల్లగా పక్కకు జరిపి నేలకు దించాడు. గీత కూడా పడలేదు. లోపల నలుపు, ఎరుపు కుండలు, తుప్పు తిన్న కొడవలి, ఇద్దరి ఎముకలు కనిపించాయి. వెంకటరామారావు గారు మాట తప్పే మనిషి కాదు. ఎముకలను ఉన్నచోటే కొలిచి, ఫోటోలు తీయించి, పైదాకా ఇసుక పోయించారు.

మే నెలాఖరున, రోహిణి కార్తె ఎండలో, టెలిగ్రాం వచ్చింది. క్యాంపు ఎత్తేయాలి. మర్నాడే లారీ వచ్చి జాకీలు, స్లీపర్లు, గుడారాలు అన్నీ వేసుకుంది. అవన్నీ ఆఫీసు సామాన్లు. వెంకటరామారావు గారు హైదరాబాదుకు ఫోన్ చేయడానికి కొత్తగూడెం వెళ్లి, ముఖం వేలాడేసుకుని వచ్చారు. మూత బండ నేల మీదే ఉంది.

“పోదాం పదండి గౌస్ భాయ్. వచ్చే సీజన్‌లో చూసుకుందాం,” అన్నది నేనే. దాచుకోవడం దేనికి?

“సీజన్లు మీకు సార్. వీళ్ల విత్తనాలు ఈ కార్తెలనే.”

ఆయన లారీ ఎక్కలేదు. ఒక గడ్డపార, ఒక మోకు పక్కన పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. వెంకటరామారావు గారిని నాలుగు రోజులు సెలవడిగాను. ఆయన ఎందుకని అడగకుండా ఇచ్చారు.

ఆ సాయంత్రం గౌస్ గది పక్కన మేం తవ్విన గుంతలోకి దిగి, దాని గోడను చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. “సార్, మీరు గీసిన కాయితం తియ్యండి,” అన్నాడు.

ఆయనకు చదువు రాదు. పటం పరిస్తే, గది పక్కన ఏటవాలుగా పైకి పోతున్న ఒక గీత మీద వేలు పెట్టాడు. మిగతా పొరలన్నీ బల్లపరుపుగా ఉన్నాయి. అదొక్కటే గది వైపుకు ఎత్తు పెరుగుతూ పోయింది.

“ఇదేంది?”

“ఎర్ర మొరం. మూడో పొర.”

“పొర కాదు సార్, దారి. వాళ్లకాడ జాకీలు యాడియి? మొరం పోసి, దిమ్మిస కొట్టి, దుంగల మీద బండను గిట్ల గుంజుకొచ్చిన్రు.”

నాలుగు నెలలు ఆ పొరను రంగులు వేసి మరీ గీసినవాణ్ణి నేను. అంత బండ పైకెట్లా ఎక్కిందని ఒక్కసారి కూడా అడగలేదు. చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలన్న సామెత ఊరికే పుట్టలేదు.

మర్నాడు గౌస్ ఊళ్లోకి వెళ్లి జంపయ్యతో మాట్లాడాడు. జంపయ్య తనవాళ్లకు కోయ భాషలో ఏదో చెప్పాడు. తట్టలు, పారలు వచ్చాయి. ఆడవాళ్లు వాగు నీళ్లు తెచ్చి చల్లుతుంటే మగవాళ్లు గది దాకా ఏటవాలుగా మొరం పోసి దిమ్మిస కొట్టారు. ఆ సాయంత్రమే తొందరపడి బండ కదిపితే, మెత్తటి మట్టిలో దుంగలు దిగబడి అది పక్కకు జారింది. అందరూ ఎగిరి తప్పుకున్నారు. గౌస్ ముఖం పాలిపోయింది. ఆయన భయపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

“తప్పు నాదే. జల్దీ చేసిన,” అన్నాడు అందరికీ వినిపించేలా.

జారిన చోట మొరం మొత్తం తీయించి, మళ్లీ పలచగా పోయించి, తడిపించి, కొట్టించాడు. రెండు రోజులు అదే పని. నా చేతులకు బొబ్బలు లేచాయి. నాలుగో రోజు పొద్దున్నే ముప్పై మంది మోకులు పట్టారు. గౌస్ బండ వెనకే నడుస్తూ, జానెడు కదిలినప్పుడల్లా “ఆగు” అని, వెనక్కి జారకుండా రాళ్లు పెట్టించి, మళ్లీ “గుంజు” అనేవాడు. మధ్యాహ్నానికి మూత గోడల మీదికొచ్చింది. గడ్డపారతో అటు వేలెడు, ఇటు వేలెడు సర్ది, ఆయన చేతులు దించేశాడు.

మూడు రోజులుగా పనిలో చెయ్యి పెట్టకుండా కూర్చున్న జంపయ్య అప్పుడు లేచాడు. మూత చుట్టూ నడిచాడు. అంచు కింద చెయ్యి పెట్టి, సందు ఉందేమోనని నాలుగు పక్కలా తడిమి చూశాడు. నేను పొర అనుకుని గీసిన మొరం దారి సరిగ్గా ఆ అంచు కిందికే వచ్చి ఆగింది.

“ఎల్లుండి పండుగ,” అన్నాడు తనవాళ్లతో. ఈసారి తెలుగులోనే అన్నాడు, మాకూ తెలియాలని కాబోలు. ఒకామె నవ్వుతూ తట్ట బోర్లించి దాని మీద చతికిలబడింది.

తర్వాత జంపయ్య గౌస్ పక్కన కూర్చున్నాడు.

“మా అయ్య పోయి రెండేండ్లయింది. మాలో పోయినోళ్లకు రాయి నిలబెడ్తం. ఆయనకు చూసిన రాయి వాగు అవతల ఉన్నది, పెద్దది. దాన్ని మా ఇంటోళ్లే ముట్టాలె, బయటోళ్లు ముట్టరాదు.” గౌస్ వైపు తిరిగాడు. “వచ్చే ఏడు నువ్వొచ్చి పట్టాలె.”

గౌస్ తల మీది తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

“అవ్, జరూర్ వస్త,” అని, గడ్డంతో నా వైపు చూపించాడు. “మరి ఈ సార్‌ను తేవాల్నా?”

జంపయ్య నా బొబ్బల చేతుల వైపు చూశాడు.

“తీస్కరా. పక్కన కూసోని బొమ్మ గీసుకోమను. ముట్టుడు మాత్రం నువ్వే.”