గట్టు కారు మీది డేరా

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్కును అందరూ గట్టు అనే పిలుస్తారు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఏడుగురు పిల్లలు ఒకే గదిలో వరసగా పడుకునేవారు. కడగొట్టువాడు కనుక ఇతనికి ఎప్పుడూ గుమ్మం పక్క చివరి చోటే దక్కేది. తలుపు సందులోంచి వచ్చే చలిగాలి ముందు ఇతనికి తగిలి, ఆ తర్వాతే మిగతావాళ్ళ దాకా పోయేది. "వీడు మన గట్టురా, వీడు దాటనిస్తేనే గాలైనా లోపలికొచ్చేది" అన్నాడు పెద్దన్నయ్య ఒకరోజు. ఆ మాట అతుక్కుపోయి అసలు పేరును మింగేసింది. నలభై దాటాక కూడా పనిచేసేచోట కుర్రాళ్ళు "గట్టన్నా" అంటారు.

ఉద్యోగం కూడా ఇరుకులోనే దొరికింది. లిఫ్టు పెట్టె పైన గొంతుక్కూర్చుని, పక్కన గోడ, వెనక గోడ, తల మీద తాళ్ళ మధ్య చేతులు ఆడించడం ఆయన పని. అందుకే గట్టుకు విశాలమైనది ఏది చూసినా ప్రాణం లేచివచ్చేది. చొక్కా ఒక సైజు పెద్దది కొనేవాడు. టీ తాగే కప్పు చెంబంత ఉండేది.

ఒక సెలవురోజు భార్యనూ కూతుర్నీ తీసుకుని వెళ్ళినప్పుడు, ఊరి బయట చెరువు దగ్గర ఎవరిదో కారు ఆగి ఉండగా చూశాడు. దాని నెత్తిమీద డేరా వేసి ఉంది. పక్కన చిన్న నిచ్చెన. లోపల్నుంచి ఒక మనిషి కాళ్ళు బయటకు చాపి పుస్తకం చదువుకుంటున్నాడు. గట్టు అక్కడే నిలబడిపోయాడు. ఆరునూరైనా అలాంటిది కొనాలని ఇంటికొచ్చే దారిలోనే చెప్పేశాడు. భార్య సరేనంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, ముఖానికి తగ్గ ఫ్రేము ఎంచి ఇవ్వడం ఆమె పని. పదకొండేళ్ళ కూతురైతే ఆ పూటే సంచి సర్దుకుంది.

డేరాల దుకాణంలో మూడు సైజులూ ఇనప స్టాండ్ల మీద విప్పి పెట్టారు. చిన్నది నాలుగడుగుల వెడల్పు. నడిమిది అయిదడుగులకు కాస్త తక్కువ. పెద్దది ఆరడుగులు దాటింది. గట్టు మిగతా రెండింటి వంకా చూడనైనా చూడలేదు. పెద్దదాంట్లోకి ఎక్కి, వెల్లకిలా పడుకుని, కాళ్ళూ చేతులూ బారచాపాడు.

"ఇదే" అన్నాడు లోపల్నుంచి.

దుకాణదారు బయటికి వెళ్ళి వాళ్ళ కారు చూసి వచ్చాడు. "మీది చిన్న బండి సార్. నడిచేటప్పుడు దాని పైకప్పు డెబ్బై అయిదు కిలోలే మోస్తుంది. పైన బిగించే అడ్డకమ్మీలు కూడా అందులోనే లెక్క. ఈ డేరా ఒక్కటే ఎనభై ఉంటుంది."

"మరి ముగ్గురం ఎక్కి పడుకుంటే?"

"బండి ఆగి ఉన్నప్పుడు మోస్తుంది, భయం లేదు. మలుపుల్లో, గుంతల్లోనే ఇబ్బంది. నడిమిది తీసుకోండి. దాని బరువు యాభై చిల్లరే."

"కంపెనీవాళ్ళు భయపడి తగ్గించి రాస్తారండీ. ఒక అయిదు, పది అటూ ఇటూ అయితే ఏమవుతుంది?"

అప్పుడు భార్య అందుకుంది. "లిఫ్టులో ఆరుగురని రాసి ఉంటే ఏడో మనిషిని ఎక్కనిస్తారా మీరు?"

"లిఫ్టు వేరు."

"ఎలా వేరు?"

గట్టు డేరాలోంచి దిగి చెప్పులు తొడుక్కున్నాడు. పోయిన నెలే ఒక పెళ్ళిబృందాన్ని లిఫ్టులోంచి దింపి మెట్లెక్కించిన మనిషి ఆయన. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశారు.

అయినా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ వారమంతా అన్నం తింటూ అదే పాట. కారు మార్చి పెద్దది తీసుకుంటే ఎలా ఉంటుందని కూడా అడిగాడు.

"కళ్ళజోడు సరిపోలేదని ముక్కు మార్చుకుంటానన్నట్టుంది మీ వరస" అంది భార్య.

ఆదివారం ఆమె ఒక ఉపాయం చేసింది. హాల్లో సోఫా గోడకు జరిపి, రంగు టేపుతో నేల మీద మూడు డేరాల కొలతలూ గీసింది. వాటిలో పరుపులు పరిచి, "భోంచేసి ఇందులోనే పడుకుందాం. ఏది సరిపోతుందో నడుములే చెప్తాయి" అంది.

ముందు చిన్నదాంట్లో పడుకున్నారు. అగ్గిపెట్టెలో పుల్లల్లా ఇరుక్కున్నారు. కూతురి మోకాలు గట్టు డొక్కలో దిగింది. భార్య మోచెయ్యి కూతురి జడ మీద పడింది. ముగ్గురూ నవ్వుకుంటూ లేచి పెద్దదాంట్లోకి మారారు. అక్కడ హాయిగా ఉంది. ఫ్యాను గాలికి గట్టుకు నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి తల్లీకూతుళ్ళు పక్కన కూర్చుని ఆయన్నే చూస్తున్నారు. చుట్టూ నేల మీద కొత్తగా టేపు ముక్కలు.

"కదలకు నాన్నా, నిన్ను గీశాను" అంది కూతురు.

గట్టు మెల్లగా లేచి చూసుకున్నాడు. ఆరడుగుల చోటులో ఆయన ఒక అంచున, గీతకు వీపు ఆనించి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. పసిపిల్ల పట్టేంత చోటు ఆక్రమించాడు. మిగతాదంతా ఖాళీ.

"మంచం మీదా అంతే" అంది భార్య. "పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నా. రెండు మూడు సార్లు కింద కూడా పడ్డారు."

"నేను కాళ్ళు బారచాపుకుని పడుకుంటాననే అనుకుంటున్నానే ఇన్నాళ్ళూ. చెప్పలేదేం?"

"నిద్రలో ఉన్న మనిషికి ఏం చెప్తాం? పొద్దున లేచాక చెప్తే బాధపడతారని ఊరుకున్నా."

ఆయన ఆ గీతల మధ్యే కూర్చుని వీపు దగ్గరి టేపును గోటితో పీకాడు. కోపం రాలేదు. సిగ్గూ కాదు. తనకు తెలియకుండా తన ఒళ్ళు ఇంకా ఆ గుమ్మం పక్కనే పడుకుంటోందని మాత్రం అర్థమైంది. ఈ ఒంటికి ఎంత పెద్ద డేరా కొన్నా అది అంచే వెతుక్కుంటుంది.

"నడిమిదే కొందాం" అన్నాడు చివరికి.

"ఒక షరతు" అంది ఆమె. "మీరు మధ్యలో పడుకోవాలి."

"మధ్యలో పిల్ల పడుకోవాలి గానీ, నేనెందుకు?"

"నాకు మధ్యలో ఉక్కపోస్తుంది" అంది పిల్ల. తల్లీకూతుళ్ళు ముందే కూడబలుక్కున్నారని ఆయనకు తెలిసిపోయింది.

డేరా కొన్నారు. మొదటి ప్రయాణం కొండ కింద ఒక మైదానానికి. గట్టు మధ్యలో పడుకున్నాడు. చాలాసేపు అటు తిరగబోతే భార్య, ఇటు తిరగబోతే కూతురు. ఆనుకోవడానికి అంచు లేక ఒళ్ళు దిక్కుతోచనట్టయింది. తర్వాత వాన మొదలైంది. రెండువైపులా గుడ్డ చల్లబడేసరికి ఇద్దరూ జరిగి జరిగి ఆయనకు అతుక్కుపోయారు. ఆ వెచ్చదనంలో ఎప్పుడు నిద్రపోయాడో తెలియదు. లేచేసరికి బాగా తెల్లవారింది, వాన వెలిసింది, పక్కన ఎవరూ లేరు. అందరికన్నా ఆలస్యంగా లేవడం ఆయనకు ఊహ తెలిశాక అదే మొదలు. కింద ఇద్దరూ బ్రెడ్డు కాల్చుకుని తినేశారు కూడా.

"నాకు ఉంచలేదా?"

"గుర్రు పెడుతున్నారు, లేపలేదు" అంది భార్య. ఆయనకు గుర్రు ఉందని కూడా ఆ రోజే తెలిసింది.

ఆ ఏడాది నాలుగైదుసార్లు వెళ్ళొచ్చారు. మరుసటి వేసవికి కూతురు తల్లి భుజం దాటింది. చెరువు దగ్గర కారు ఆపగానే, "నేను కింద వెనకసీట్లో పడుకుంటా, నాకు వేరే గది కావాలి" అని ప్రకటించింది. తల్లి ఏదో అనబోయింది. గట్టు ఆపాడు. "పడుకోనీ. అద్దాలు కాస్త దించుకో అమ్మా, తలుపులు లోపల్నుంచి వేసుకో."

పైన ఇద్దరికీ చోటు మిగిలిపోయింది. ఆ ఖాళీలో ఏం పెట్టాలో తెలియక ఆమె బట్టల సంచులు పెట్టింది.

పొద్దున్నే గట్టు నిచ్చెన దిగి కారులోకి తొంగిచూశాడు. కూతురు సీటంతా ఆక్రమించి, ఒక కాలు కిటికీ అద్దానికి, ఒక కాలు ముందుసీటు మీదకు తన్నిపెట్టి పడుకుంది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, స్టవ్వు వెలిగించి టీకి నీళ్ళు పెట్టాడు.