రేవు పాటలు, క్యాసెట్ నంబరు 214

నా పేరు జగన్నాధం. విజయనగరంలో ఒక సంగీత సభవారి లైబ్రరీలో ముప్ఫై అయిదేళ్ళ బట్టీ క్యాటలాగు నేనే రాస్తున్నాను. కీర్తనల పుస్తకాలు, చేత్తో రాసిన స్వరాల నోటుబుక్కులు, గ్రామఫోను ప్లేట్లు, క్యాసెట్లు, ఏది కావాలన్నా ముందు నా బల్ల దగ్గరికి రావాల్సిందే. నాకు కోపం జాస్తి. ఎవరైనా వచ్చి ఫలానా పాట ఉందా అంటే, రాగం ఏటి, తాళం ఏటి, పాడిందెవరు, ఏమీ తెలీకుండా నన్నెక్కడ వెతకమంటావు అని కసురుతాను. పాపం, వాళ్ళు నసుగుతూ నిలబడితే నాకు లోపల్లోపల సరదాగా ఉంటాది. అంత గర్వం నాకు, నా పని మీద.

మొన్న జూన్‌లో ఒక మంగళవారం పొద్దున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేరు. పెద్దావిడ పేరు సుభద్రమ్మ, కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్ముకుంటాది. నలభై ఆరేళ్ళట గానీ ఎండకీ ఉప్పుగాలికీ అరవై ఉన్న మనిషిలా ఉన్నాది. కూడా వచ్చింది కోడలు శైలజ, ఎచ్చెర్లలో చదువుకున్న పిల్ల. నేను అలవాటు ప్రకారం రాగం ఏటమ్మా అనబోయేను. అంతలోకే ఆ పిల్ల ఫోను నా ముందు పెట్టింది.

మా క్యాటలాగు ఇంటర్నెట్‌లో పెట్టి నాలుగేళ్ళయింది. అందులో వెతికిందట. ముందు అత్తగారి తల్లి పేరు, తాతమ్మ అని కొడితే ఏమీ రాలేదట. జాలరి పాటలు అని కొట్టింది, రాలేదు. జానపదాలు అని కొడితే మూడొందలొచ్చేయి, రెండు రోజులు కూర్చుని అన్నీ చూసింది, లాభం లేకపోయింది. ఆఖరికి ఊరి పేరు కొడితే ఒకే ఒక్కటి దొరికింది. రేవు పాటలు, కళింగపట్నం, 1984, ఆడవారి గొంతులు, క్యాసెట్ 214, స్థితి: ఉన్నది.

అది కంప్యూటర్‌లో కొట్టింది నేనే. ఆ ‘ఉన్నది’ అన్న మాట కూడా నేను కొట్టిందే.

సుభద్రమ్మ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తన ఆరో ఏట, ఆ పాటలు రికార్డు చేసిన మరుసటేడే, తల్లి తాతమ్మ జ్వరం వచ్చి పోయింది. ఫొటో అన్నది లేదు. గొంతు ఎలా ఉండేదో గుర్తులేదు. పాటలు పోగుచేసుకునే మేస్టారొకాయన టేపు మిషను పట్టుకుని రేవులోకి వచ్చినప్పుడు, చేపలు ఆరబోస్తూ తల్లి పాడిందట. మధ్యలో తను ఏడిస్తే చంకనేసుకుని, పాట ఆపకుండా పాడిందట. ఇదంతా చెప్పిన పిన్ని కూడా మొన్న ఏడాది పోయింది. ఇక తల్లి సంగతి చెప్పేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. అందుకని మూడు బస్సులు మారి వచ్చేరు.

కూర్చోండి, తెస్తాను అని బీరువా గదిలోకి వెళ్ళేను. 214 ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. డబ్బాలో, పాటలు పోగుచేసిన ఆ మేస్టారు రాసిపెట్టిన చీటీ ఉంది. తాతమ్మ, ఆవిడ చెల్లెలు, ఊరు, తేదీ, అన్నీ శుభ్రంగా రాసిపెట్టేడు ఆ మహానుభావుడు. విద్వాంసుల రికార్డు అయితే పాడిన ఆయన పేరు, గురువుగారి పేరు, పక్కవాద్యం వాళ్ళ పేర్లు కూడా క్యాటలాగులో ఎక్కిస్తాను నేను. వీళ్ళకి మాత్రం ‘ఆడవారి గొంతులు’ అని సరిపెట్టేను. రేవులో చేపలారబోసుకునే వాళ్ళకి పేర్లెందుకులే అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

పేరు ఎక్కించకపోవడం ఒక ఎత్తు, అసలు తప్పు ఇంకొకటి. తొంభై మూడులో నేను రేడియోలో పాడాలని ఆడిషన్‌కి దరఖాస్తు పెట్టేను. ఇంట్లో పాడి, రికార్డు చేసుకుని, తప్పులు దిద్దుకుందామంటే ఆ ఆదివారం ఖాళీ క్యాసెట్ దొరకలేదు. దుకాణాలు మూసేసేరు. లైబ్రరీ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. బీరువా తెరిచి, ఎవరూ అడగనిది ఏదా అని చూస్తే ఇది కనపడింది. మళ్ళీ దీని మీద ఎవరూ రికార్డు చెయ్యకూడదని మేస్టారు క్యాసెట్ వీపు మీది రెండు చిన్న ప్లాస్టిక్ చెక్కలూ విరిచేసి పెట్టేడు. మళ్ళీ రికార్డు అయ్యేటట్టు నేను ఆ కన్నాల మీద సెలోటేపు అతికించేను. రెండు వైపులా కల్యాణి రాగం పాడుకున్నాను. ఆడిషన్‌లో తప్పేను. క్యాసెట్ పట్టుకెళ్ళి డబ్బాలో పెట్టేసేను.

తరవాత ఏటా తనిఖీ జరిగేది. తనిఖీ అంటే డబ్బాలు లెక్కపెట్టి టిక్కు పెట్టడమే, లోపల ఏముందో వినే నాథుడు లేడు. కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజు మాత్రం నా చెయ్యి ఆగింది. లేదు అని కొడితే ఏమైందని అడుగుతారు. ఎందుకొచ్చిన గొడవ అని ‘ఉన్నది’ అని కొట్టేసేను. ఆ మాట నమ్మి వీళ్ళు ఇంత దూరం వచ్చేరు.

బూజు పట్టి పాడైపోయిందని చెప్పేద్దామనుకున్నాను. పాత క్యాసెట్లకి బూజు పట్టడం మామూలే, ఎవరూ అనుమానించరు. ఆ మాట నోట్లో పెట్టుకునే బయటికి వచ్చేను. నన్ను చూడగానే సుభద్రమ్మ లేచి, చేతులు కొంగుతో తుడుచుకుని, ప్రసాదం పట్టుకునేటట్టు దోసిలి పట్టింది. నిజం చెప్పడానికీ ధైర్యం చాలక, అబద్ధమాడ్డానికీ మొహం చెల్లక, వెళ్ళి క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టి నొక్కేను. పిరికి వెధవ పని.

ముప్ఫై ఏళ్ళ నాటి నా గొంతు గదంతా మోగింది. శ్రుతి తప్పి, గమకం కుదరక, దగ్గి మళ్ళీ మొదలుపెడుతూ, వినడానికే అసహ్యంగా ఉంది. సుభద్రమ్మ కళ్ళు మూసుకుని, భక్తిగా, ఒళ్ళో చేతులు పెట్టుకుని వింది. శైలజ నా వంక అనుమానంగా చూసింది. అయిదు నిమిషాలయ్యేక పెద్దావిడ కళ్ళు తెరిచి మెల్లగా అడిగింది.

“ఈ బాబు పాడ్డం అయిపోయేక మాయమ్మ పాడతాదా, మేస్టారూ?”

నేను ప్లేయర్ ఆపేసేను. నిలబడే చెప్పేను, ఆ పాడేది నేనేనని, మీ అమ్మ పాటల మీద నా పాట ఎక్కించేనని, కావాలనే చేసేనని. సెలోటేపు కూడా చూపించేను. శైలజకి కోపం వచ్చింది, రావాల్సిందే. మీ గొంతుకి ఇంకే క్యాసెట్టూ దొరకలేదా అంది. ఇంకా ఏవేవో అంది, ఒక్కటీ అబద్ధం కాదు. చెంప మీద కొట్టినా ఊరుకుందును. సుభద్రమ్మ కోడలి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చాలాసేపు ఆ క్యాసెట్ వంకే చూసింది. ఏడవలేదు. తరవాత కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

“పోనీ బాబూ, సెరిపీసే ముందు మీరిన్నారు గదా. సంగీతం తెలిసినోరు. మాయమ్మ గొంతు ఎలగుండేదో సెప్పండి. నానేడిసింది గూడా ఇనిపించిందా?”

ఎంత ఆశగా అడిగిందో. గొంతు ఇలా ఉంది, అలా ఉంది అని చెప్పడానికి నా దగ్గర మాటలకి లోటు లేదు. జీవితమంతా అవే రాసేను. గొంతు గంటలా ఉండేదమ్మా, నువ్వు ఏడుస్తూంటే మధ్యలో నవ్వింది కూడా అంటే చాలు, ఆవిడ ఆ మాట మూటకట్టుకుని వెళ్ళి చచ్చేదాకా దాచుకుంటాది. నాలుక దాకా వచ్చింది కూడా.

“నేను వినలేదమ్మా,” అన్నాను. “ఏముందో వినకుండానే చెరిపేసేను.”

ఆవిడకి అర్థం కాలేదు. నేనింకా ఏదో చెప్తాననుకుని, నా మొహంలోకి చూస్తూ అలాగే కూర్చున్నాది.