నాదే అన్న డ్రైవరు

తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై రైతు షణ్ముగం కూతురు దేవసేన. తిరువళ్లూరులో ఒక కంపెనీలో ఏజెన్సీ ద్వారా చేరిన కాంట్రాక్టు ఇంజనీరు. అక్కడ తయారయ్యే నెట్‌వర్క్ కార్డు పెడితే కంప్యూటరు బిగుసుకుపోయేది. అది బాగుచేస్తే పర్మనెంటు చేస్తామన్నారు.

ఆమె కారణం పట్టుకుంది. కార్డూ డిస్కూ ఒకే తీగ మీద ప్రాసెసర్‌ను పిలుస్తాయి. పిలుపు రాగానే కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాం, పిలిచింది తన కార్డేనా అని చూడాలి. చూడకుండానే "నాదే" అనేస్తోంది. డిస్కు పిలుపు ఎవరికీ అందక అంతా ఆగిపోతోంది. దేవసేన ఆ తనిఖీ చేర్చింది, కంప్యూటరు నడిచింది.

మీటింగులో డైరెక్టరు "ఎవరు సరిచేసినారు?" అని అడిగితే మేనేజరు "నేనే సార్" అన్నాడు.

దేవసేన లేచింది. "సార్, అది నేను చేసినాను."

"ఏజెన్సీవాళ్లకు ఈడ మాటెందుకు పాపా? సుమ్మా, ఊరికే కూర్చో" అన్నాడు మేనేజరు. డైరెక్టరు విననట్టే ఉన్నాడు. పని కాంట్రాక్టువాళ్లది, పేరు పర్మనెంటువాళ్లది. దీన్నే అక్కడ పద్ధతి అంటారు. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగించారు.

"ఆ డ్రైవరుకు బుద్ధి నేర్పినావు, ఆ మనిషికి నేర్పలేకపోతివే" అన్నాడు ఇంట్లో సంగతంతా విన్న షణ్ముగం.

"మనిషిని విప్పి చూడనియ్యరు నాయనా."

ఇద్దరికీ నవ్వు రాలేదు. మరునాడు దేవసేన మళ్లీ ఆ ఏజెన్సీకే ఫోన్ చేసింది. ఇంకో దారి లేదు.