మొదటి ట్యాంకు

ఆ రోజుల్లో నాకు భయపడే ఓపిక ఉండేది. ఇప్పుడు పై అధికారి పిలిచినా, డాక్టరు బీపీ చూసి పెదవి విరిచినా, నా గుండె విసుగ్గా ఒకసారి కొట్టుకుని మళ్ళీ తన పనిలో పడుతుంది. డిగ్రీ చదివే రోజుల్లో అలా కాదు. నన్ను అడక్కుండానే ఒళ్ళంతా ఒక్కసారిగా బయల్దేరేది.

ఒక దసరా సెలవుల్లో కూలీలు దొరక్క, మా పత్తి చేలో పురుగుమందు కొట్టే పని నాన్న నాకు అప్పగించాడు. తనే పంపు నింపి నా వీపుకెత్తి, "గాలివాటం చూసుకుని నడువురా, తొందరపడమాక" అన్నాడు. మొహానికి తువ్వాలు చుట్టుకుని యుద్ధానికి వెళ్ళినట్టు చేలోకి దిగాను. (పక్క మిరప చేలో కలుపు తీసేవాళ్ళు చూస్తున్నారని ఛాతీ కూడా కొంచెం విరిచాను.) నాలుగు చాళ్ళు దాటానో లేదో గాలి తిరిగి తుంపర మొత్తం నా మొహాన పడింది. ట్యాంకుకు మందు వాసన ఉండనే ఉంది. అంతే, గుండె గొంతులోకి వచ్చింది, అరచేతులు చెమటతో జారిపోయాయి, నాలుక అంగిటికి అంటుకుపోయింది. చాళ్ళ మధ్య కూలబడి, "నాన్నా, నాకు మందెక్కింది!" అని అరిచాను.

బాబాయి బండి తీశాడు. మధ్యలో నేను, వెనక నన్ను గట్టిగా పట్టుకుని నాన్న. "ఏం మందు కలిపావన్నయ్యా?" అని బాబాయి దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. నాన్న మాత్రం, "నిద్రపోమాకురా అయ్యా, కళ్ళు తెరువు" అంటూ నా చెంపలు వాయిస్తున్నాడు. (ఆ దెబ్బలకు నిద్ర ఎలా వస్తుంది?) మందు పేరు చెప్పడం లేదంటే అది పేరు చెప్పరానంత ఘోరమైనదని నాకు అర్థమైపోయింది. పెళ్ళి కూడా కాకుండానే పోతున్నానని ఏడుపొచ్చింది.

డాక్టరుగారు నా కళ్ళలో టార్చి వేసి, నాలుక చూసి, నాడి పట్టుకున్నారు. "పురుగుమందు ఎక్కితే కంటిపాప ఆవగింజంత అవుతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది. నీ కంటిపాపలు ఇంతింత ఉన్నాయి, నోరు పిడచగట్టుకుపోయింది. ఇది భయం బాబూ. ఒంట్లో మన మాట వినని నరాలు కొన్ని ఉంటాయి. ప్రమాదం అనిపిస్తే చాలు, నిజమా కాదా అని చూడవు, గుండెను పరిగెత్తిస్తాయి" అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "అయినా ఏ మందండీ?" అని అడిగారు.

నాన్న నా వంక ఒకసారి చూశాడు. "మందు... కలపలేదండి. కొత్తవాడు గదా, నడక కుదిరిందాకా మొదటి ట్యాంకు ఉత్తి నీళ్ళే పోశానండి."

"ఓరి నీ..." అని బాబాయి ఆగిపోయాడు. "ఆ మాట చేలోనే చెప్పొచ్చుగా?" అన్నారు డాక్టరుగారు.

"గుర్తు రాలేదండి. వాడట్టా కూలబడంగానే నాకేం గుర్తు లేదు" అన్నాడు నాన్న. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. డాక్టరుగారు ఆయన నాడి కూడా పట్టుకుని, నన్ను మంచం మీంచి లేవమని, అక్కడ ఆయన్ని పడుకోబెట్టారు.

ఊళ్ళో చాలా కాలం నన్ను నీళ్ళకు మందెక్కినవాడనే పిలిచారు. ఇప్పుడు రోజూ బీపీ మాత్ర వేసుకునేటప్పుడు ఆ పిరికి కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. వాడు కూలబడితే, తన చేత్తో పోసిన నీళ్ళని కూడా మర్చిపోయే మనిషి వాడికి ఉన్నాడు.