నవ్వే ఉద్యోగానికి బేరం

రాత్రి పదకొండున్నరకు టీవీలో వచ్చే కబుర్ల షోను మధ్యాహ్నం నాలుగింటికే తీస్తారని తెలిసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పగటి సరుకును రాత్రి సరుకని అమ్మేవాళ్లు ఇంకేమైనా చేస్తారు.

అప్పట్లో చదువుకోసం దేశం దాటి వచ్చి, ఎటోబికో అనే ఊళ్లో ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురు స్టూడెంట్లం ఉండేవాళ్లం. ఏ కాఫీ షాపులో అప్లై చేసినా మా ముందు యాభై మంది మనవాళ్లే. అలాంటి రోజుల్లో దొరికింది ఈ పని: స్టూడియోలో కుర్చీలు ఖాళీగా కనబడకుండా కూర్చుని నవ్వడం. నేనూ, నా రూమ్మేట్ వరంగల్ అమ్మాయీ వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లం. నా అద్దె దాని మీదే నడిచేది.

చీరాలలో మాది బట్టల కొట్టు. నచ్చిన సరుకు వైపు చూస్తే ధర పెరుగుతుందని నేర్చుకుని పెరిగినదాన్ని. అందుకని అక్కడా సగం నవ్వే నవ్వేదాన్ని.

ఒకరోజు మేనేజరమ్మ మమ్మల్నందరినీ కారిడార్‌లో నిలబెట్టి, ఇకనుంచి సగం రేటే అంది. రాత్రి మేలుకుని చూసేవాళ్లు తగ్గిపోయారట. ప్రకటనలు రావట్లేదట. జనం పొద్దున్నే ఫోన్లో రెండు నిమిషాల ముక్క చూసి వదిలేస్తున్నారట. ఆ ముక్కలో కనబడేది ముందు రెండు వరుసలే కనుక, వెనక నవ్వులకు అంత పెట్టలేరట.

నేను నమ్మలేదు. ఈ ఏడు వ్యాపారమే లేదని మా నాన్న ప్రతి పండగ ముందూ అనేవాడు. అలా అంటూనే మేడ మీద రెండు గదులు వేశాడు. షో బ్యాండులో ఎనిమిది మంది వాయించే చోట ముగ్గురే మిగిలారని నేనూ గమనించాను. అదీ నాటకమే అనుకున్నాను.

పాత రేటు ఇస్తేనే ఇద్దరం వస్తామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మా బజారులో అందరూ చేసే పనే చేశాను: వెనక్కి తిరిగి నడిచాను. నాలుగో అడుగుకు పిలవాలి, అది పద్ధతి.

రూమ్మేట్ నా చెయ్యి పట్టుకుంది. "ఏందే ఇది? సగమన్నా వస్తది గద, ఆగు."

"నువ్వూ రా. పిలుస్తుంది చూడు."

"నేను రాను."

నాలుగడుగులయ్యాయి. పదయ్యాయి. ఊడని షూ లేసు వంగి కట్టుకున్నాను. తలుపు దగ్గర, వెనక నుంచి గబగబా అడుగులు వినిపించాయి. ముఖంలో సంతోషం తుడిచేసి, సగానికి రెండు డాలర్లు కలిపితే చాలని ఖాయం చేసుకుని తిరిగాను.

మేనేజరమ్మ చెయ్యి చాపింది. నా మెడలోని పాసు కావాలట. తీసి ఇచ్చాను. సగానికైనా సరే అనబోయేలోపు ఆమె వెళ్లి, దాన్ని పని కోసం లైనులో నిలబడ్డ ఇంకో అమ్మాయి మెడలో వేసింది. ఆ అమ్మాయి అప్పటికే నవ్వుతోంది.